భీమిలి ఒడ్డున ఒక దినము

సంక్రాంతి సెలవులు దగ్గరపడేసరికి మా సంఘ కుటుంబాలవారు ప్రతి ఏటా మమ్మును అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్ళాలి. ఖర్చు ఎక్కువ కాకూడదు, చీకటిపడే వేళకు ఇల్లు చేరాలి. ఎక్కడికి వెళ్ళమంటారు?" విజయనగరం చుట్టుప్రక్కల కాపురమున్న ఎవరిని అడిగినా దీనికి జవాబు వెంటనే చెప్తారు. భీమిలి. పాతిక కిలోమీటర్ల దూరము, తగరపువలస మీదుగా చక్కని రోడ్డు, చివర సముద్రము.

మేము మాత్రము పన్నెండు సంవత్సరాలు ఆ జవాబు చెప్పలేదు. "బొర్రా గుహలు చూచి రండి" అనేవారము. "తాటిపూడి జలాశయానికి వెళ్ళండి, చల్లగా ఉంటుంది" అనేవారము. చిత్రమేమిటంటే, బొర్రా గుహల దగ్గర పారేదీ, తాటిపూడిలో నిలిచేదీ ఒకే నది, గోస్తని. అది చివరకు వచ్చి సముద్రములో కలిసేది భీమిలి దగ్గరే. ఆ నది వెంట అన్ని చోట్లకూ జనాన్ని పంపించి, చివరి మజిలీ పేరు మాత్రము ఎత్తకుండా గడిపాము.

కారణము దాచి ఈ నాలుగు మాటలు వ్రాయడము న్యాయము కాదు. వేదాంత డిప్లొమా ముగించుకొని ఈ సంఘానికి వచ్చిన నాలుగవ ఏట, 2013 జనవరిలో, మా యౌవనస్థులను ఈ తీరములోనే ఒక చోటికి వనభోజనానికి తీసుకువెళ్ళాము. ఇరవైముగ్గురు పిల్లలు. పాటలు, ప్రార్థన, బైబిలు క్విజ్, పులిహోర, కోడికూర. భోజనాలైన తరువాత నీళ్ళలో దిగుతామన్నారు. మోకాళ్ళు దాటవద్దని చెప్పాము. ముగ్గురు మగపిల్లలు దిగారు. ఇద్దరు బయటికి వచ్చారు.

మూడవవాడికి పద్దెనిమిదేళ్ళు. ఇంటరు రెండవ సంవత్సరము. తండ్రి లేడు. తల్లి మిషను కుట్టి చదివిస్తున్నది. జాలరులు పరుగున వచ్చి తెప్ప వేసుకొని చీకటిపడేవరకు వెదికారు. మరునాడు తెల్లవారిన తరువాత, ఉత్తరంగా చాలా దూరములో ఒడ్డుకు వచ్చాడు. సమాధి కార్యక్రమము ఎలా జరిపించాలో మాకు బైబిలు కళాశాలలో నేర్పారు. అంతకు ముందు రోజు మాకు తెలియవలసినది ఎవరూ నేర్పలేదు.

ఆ తల్లి మమ్మును ఒక్క మాట అనలేదు. మూడవ ఆదివారమే వచ్చి తాను ఎప్పుడూ కూర్చునే చోట, కిటికీ ప్రక్కన, కూర్చున్నది. చాలా కాలము మేము ప్రసంగము చేస్తూ ఆ కిటికీ వైపు చూడలేకపోయాము. సంఘ పెద్దలతో కూర్చొని ఒక నియమము పెట్టుకున్నాము. సముద్రానికి వనభోజనాలు లేవు. నియమము సంఘానికి పెట్టాము గాని అది మా ఇంటికి కూడా వచ్చి కూర్చున్నది. మా పాప అప్పుడు ఏడాది పిల్ల. బాబు పుట్టనే లేదు. ఇద్దరూ సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరములో పెరుగుతూ, సముద్రాన్ని టీవీలో చూచి ఎరుగుదురు. బడివారు విశాఖపట్నం తీసుకువెళ్తామని కాగితము పంపితే మేము సంతకము చేయలేదు. 2001లో నౌకాదళము సేవనుండి విరమించి, 2002లో రామకృష్ణా బీచి ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కురుసుర జలాంతర్గామిని తోటి పిల్లలు లోపలికి వెళ్ళి చూచి వచ్చారట. బాబు ఆ కబుర్లు విని రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

ఈ సంగతి ఎవరు చెప్పారో, 2025 జనవరిలో ఒక బుధవారము స్త్రీల కూడిక అయ్యాక ఆ తల్లి మా గుమ్మము దగ్గర నిలబడింది. ఆమెను మేము అక్కా అని పిలుస్తాము.

"అయ్యగారూ, పిల్లలను సముద్రానికి తీసుకెళ్ళండి. నేనూ వస్తాను" అన్నది.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. చివరకు మా ఇంటి అమ్మగారు అన్నది: "ఆవిడే వచ్చి అడిగాక కూడా మనము వెళ్ళకపోతే, మన భయము తీసుకువెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టినట్టే." ఇంకేమంటాము? నెలాఖరు శనివారము నాడు ఒక టాటా మ్యాజిక్ మాట్లాడుకొని, మా నలుగురము, అక్క, మరొక కుటుంబము, మొత్తము తొమ్మిదిమందిమి బయలుదేరాము.

ఒక సంగతి ఒప్పుకోవాలి. భీమిలి మా దారిలో మొదటే వస్తుంది. అయినా అక్కడ ఆగకుండా బండిని విశాఖ వైపు పోనిచ్చి ముందు తొట్లకొండకు వెళ్ళాము. ఎండ ముదరకముందే కొండ ఎక్కాలని అందరితో అన్నాము. అదీ నిజమే. కాని ఇసుకలో కాలు పెట్టే ఘడియను వీలైనంత వెనక్కు నెట్టాలన్నది అసలు నిజము.

తొట్లకొండ చూడదగిన చోటు. సుమారు రెండువేల సంవత్సరాల క్రిందట బౌద్ధ భిక్షువులు అక్కడ విహారము కట్టుకొని నివసించారు. కొండరాతిని తొలిచి వాననీరు పట్టుకొనేందుకు తొట్లు చేసుకున్నారు. ఆ తొట్ల వలననే కొండకు ఆ పేరు. 1970ల వరకు ఇక్కడ ఇదంతా ఉన్నట్టు లోకానికి తెలియదు. నౌకాదళమువారు సర్వే చేస్తుండగా బయటపడింది. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వించారు. రోమా దేశపు వెండి నాణేలు కూడా దొరికాయంటే, ఆ దినాలలో ఈ ఒడ్డుకు ఎంత దూరపు సరుకు వచ్చేదో ఆలోచించండి. భిక్షువుల గదుల పునాదులు, భోజనశాల పునాది, గుండ్రని స్తూపపు అడుగు కనిపిస్తాయి. పిల్లలు ఆ గదుల పునాదుల మధ్య "ఇది నా ఇల్లు, ఇది నీ ఇల్లు" అని ఆడుకున్నారు.

అక్క మాత్రము కొండ అంచున ఒక రాతిమీద కూర్చొని క్రిందికి చూస్తున్నది. అక్కడినుండి సముద్రము పరచిన నీలిచీర వలె ఉంటుంది. శబ్దము వినబడదు. మేము కొంచెము దూరముగా నిలబడ్డాము. ఏమి మాట్లాడాలో తెలియలేదు.

అక్కడినుండి వెనుకకు తిరిగి ఎర్రమట్టి దిబ్బలకు వచ్చాము. భీమిలికి నాలుగైదు కిలోమీటర్లు ముందుగా, రోడ్డు ప్రక్కనే ఉన్నవి. సినిమాలలో పాటలకు చాలాసార్లు వీటిని చూపించారు గనుక చూచిన చోటేనని మీకు అనిపిస్తుంది. మట్టి అని పేరేగాని ఇది ఇసుక. వేలాది సంవత్సరాల క్రిందట, భూమి మీద మంచు పెరిగి సముద్రము ఇప్పటికంటె వంద మీటర్లకు పైగా దిగిపోయిన కాలము ఒకటున్నది. అటువంటి కాలాలలో బయటపడిన ఇసుకను గాలి ఎత్తి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలోని ఇనుము త్రుప్పు పట్టి ఎర్రని రంగు ఇచ్చింది. ఆ తరువాత వాననీరు కోసుకుంటూ పోయి ఈ లోయలు, సందులు, మొనలు చేసింది. దేశములో ఇటువంటివి తమిళనాడు తీరములో ఉన్నాయి, ప్రక్కన శ్రీలంకలో ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించింది. 2025లోనే యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేర్చారు.

వెళ్ళేవారికి ఒక మనవి. గట్టుల మీదికి పిల్లలను ఎక్కించకండి. అది రాయి కాదు, చేతితో గీస్తే రాలిపోతుంది. ప్రేమికుల పేర్లు గీసినచోట చిన్న వానకే పెళ్ళలు ఊడుతున్నాయి. గుప్పెడు ఎర్ర ఇసుక సీసాలో పోసుకొని ఇంటికి తెచ్చుకోవడము కూడా మంచిది కాదు. మా బాబు జేబులో పోసుకున్నాడు, అక్కడే దులిపించాము.

మధ్యాహ్నము మూడు గంటలకు భీమిలి చేరాము. ఇంక వాయిదా వేయడానికి కొండలు లేవు.

భీమునిపట్నం చిన్న ఊరే గాని పాత ఊరు. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడింది. దేశములోని తొలి పురపాలక సంఘాలలో అది ఒకటి. తరువాతి కాలములో విశాఖ మహానగర పాలక సంస్థలో కలిపారు. అంతకు చాలా ముందే, పదిహేడవ శతాబ్దములో, డచ్చివారు వర్తకానికి వచ్చి ఇక్కడ కోఠీ పెట్టుకున్నారు. 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. గడియార స్తంభము, దీపస్తంభము, పాత దేవాలయము, పంతొమ్మిదవ శతాబ్దపు క్రైస్తవ ఆలయము, అన్నీ నడిచి చూడగలిగినంత దూరములోనే ఉన్నాయి.

సముద్రపు ఒడ్డునే డచ్చివారి సమాధుల తోట ఉన్నది. హాలెండర్స్ గ్రీన్ అంటారు. స్తంభాలవలె, గోపురాలవలె ఎత్తుగా కట్టిన పాత సమాధులు. ఉప్పుగాలికి గచ్చు పెచ్చులు లేచింది. సమాధులు కనబడితే నిలబడి చదవడము కాపరులకు అలవాటు. ఎంతో దూరము ఓడలో వచ్చి, ఈ ఒడ్డున ఆగిపోయినవారు. వారి ఇండ్లకు కబురు చేరడానికి ఎన్ని నెలలు పట్టేదో! అక్క ఒక రాతిమీది అక్షరాలను వేలితో తడిమి, "వీళ్ళ అమ్మలు ఇక్కడికి రాలేదు కదండీ" అన్నది. మరేమీ అనలేదు. చెప్పులు చేతపట్టుకొని ఇసుక వైపు నడిచింది. పాప ఆమె వెంట పరుగెత్తింది.

ఒడ్డున జాలరులు పెద్దవల లాగుతున్నారు. చూడనివారికి చెప్తున్నాము. తెప్ప మీద వలను తీసుకువెళ్ళి సముద్రములో అర్ధచంద్రాకారముగా దించి వస్తారు. తాళ్ళ రెండు కొసలు ఒడ్డున ఉంటాయి. రెండు జట్లవారు వరుసగా నిలబడి, కాళ్ళు ఇసుకలో తన్ని పెట్టి, పాటవంటి ఒక కేకతో లాగుతారు. గంటకు పైగా పడుతుంది. మా బాబు కూడా వెళ్ళి తాడు పట్టుకున్నాడు. వారు నవ్వి చోటిచ్చారు. ఒక ముసలితాత లాగే వయస్సు దాటిపోయి, తాళ్ళు చుట్ట చుడుతూ కూర్చున్నాడు. ఆయన ప్రక్కన కూర్చున్నాము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరవైయొక్క రోజులు వేట నిషేధము, అప్పుడు ఇల్లు గడవడము ఎంత కష్టమో చెప్పాడు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పాడు.

అంతలో పాప కొంచెము ప్రక్కకు జరిగి, "నాన్నా, అక్కడ అలలే లేవు. అక్కడ దిగనా?" అని చెయ్యి చూపించింది.

తాత తాళ్ళు వదిలేసి లేచాడు. "అక్కడొద్దు తల్లీ!" అని గట్టిగా అరిచాడు. తరువాత మా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. ఆయన మాటలు జ్ఞాపకమున్నంతవరకు అలాగే వ్రాస్తున్నాము.

"అలలు ఇరిగే సోట బయం తక్కువ బాబూ. అలల మద్దిన నీళ్ళు నున్నగా, నల్లగా అగపడతాయే, అదే సెడ్డ సోటు. ఒడ్డుకొచ్చిన నీరంతా ఎనక్కి పోవాల గదా? ఆ సందులోంచే పోతాది. లోపల ఏరు పారినట్టే. మనిసిని ఈడ్సుకుపోతాది. కొత్తోళ్ళు అక్కడే నెమ్మదిగుందని దిగుతారు."

ఆయన చెప్పినది అక్షరాలా నిజమని తరువాత చదివి తెలుసుకున్నాము. అలలు తెచ్చిన నీరు ఇసుకమేటల మధ్య లోతైన కాలువ చేసుకొని వెనుకకు పోతుంది. అక్కడ లోతు ఎక్కువ గనుక అల విరగదు. పైకి ప్రశాంతముగా కనబడుతుంది. చిక్కినవాడు భయపడి నేరుగా ఒడ్డుకు ఈదుతాడు. ఎంత బలవంతుడైనా ఆ ప్రవాహానికి ఎదురు ఈది అలసిపోతాడు. మునిగిపోవడము ఆ అలసటవలననే. ఎదురు తిరగకుండా తేలుతూ ఉండి, ఒడ్డుకు సమానముగా ప్రక్కకు ఈదితే, ఆ కాలువ వెడల్పు ఎక్కువ ఉండదు గనుక బయటపడవచ్చు. అప్పుడు అలలతోపాటు ఒడ్డుకు రావచ్చు. ఒడ్డునున్నవారు వెంటపడి దూకకూడదు, తేలే వస్తువు ఏదైనా విసిరి కేకలు వేయాలి. తాత దీనినే రెండు ముక్కలలో చెప్పాడు. "దాంతో దెబ్బలాడకూడదు. పక్కకి పోవాల."

మేము లేవలేకపోయాము. ఎందుకంటే 2013లో ఆ పిల్లలు ఎక్కడ దిగమంటారని అడిగినప్పుడు, "అటు అలలు పెద్దగా ఉన్నాయి, ఇదిగో ఇక్కడ నెమ్మదిగా ఉంది, ఇక్కడ ఆడుకోండి" అని ఒక చోటు చూపించినది మేమే. ఈ వ్యాసమంతా మేము, మేము అని వ్రాస్తూ వస్తున్నాము గాని, ఆ రోజు చాచిన చెయ్యి ఒక్కటే. అది కాపరి చెయ్యి. ఈ సంగతి పోలీసువారు అడగలేదు, పెద్దలు అడగలేదు. మేమూ ఎవరికీ చెప్పలేదు, మా ఇంటి అమ్మగారికి తప్ప. పిల్లవాడు మా మాట వినక లోపలికి వెళ్ళాడని ఊరిలో అనుకుంటే కాదనలేదు. పన్నెండేళ్ళు ఆ మాట క్రింద తలదాచుకున్నాము. వాడు మా మాట విన్నాడు. విన్నందుకే పోయాడు.

అక్క కొంచెము దూరములో, పాదాలు తడిసేంతవరకు దిగి నిలబడి ఉన్నది. అమ్మగారు మా ముఖము చూచి, ఏమనుకున్నదో, పిల్లలిద్దరినీ వల దగ్గరకు తీసుకుపోయింది. మేము వెళ్ళి అక్క ప్రక్కన నిలబడ్డాము. ప్రసంగపీఠము ఎక్కి వేలసార్లు మాట్లాడిన నోరు. చాలాసేపు పెగలలేదు.

"అక్కా, ఆ రోజు ఆ చోటు చూపించినది మేమే. అలలు లేవని అక్కడ దిగమన్నాము."

ఆమె మా వైపు తిరగలేదు. నీళ్ళ వైపే చూస్తూ అన్నది: "తెలుసండి. ఆ ఇద్దరు పిల్లలూ నెల తిరక్కుండానే వచ్చి చెప్పారు."

"మరి ఇన్నేళ్ళూ..."

"మీరు చెప్తారని చూశానండి" అన్నది.

ఆ మాటలో కోపము లేదు. లేకపోవడమే మాకు కష్టమైంది. క్షమించండి అన్నాము. ఆమె వెంటనే క్షమించానని అనలేదు. మంచిదే, అలా అని ఉంటే మేము తేలికపడి అక్కడితో మరచిపోయేవారము. కొంతసేపటికి చెంగుతో ముఖము తుడుచుకొని, "పాపకి ఆ తాత చెప్పింది బాగా నేర్పండి. మన సంఘము పిల్లలందరికీ నేర్పండి" అన్నది. "రావద్దని చెప్తే ఎవరు ఆగుతారు? మీ చాటుగా వస్తారు. మొన్న క్రిస్మసు అయిన మరునాడు నలుగురు మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. మీకు తెలీదు."

నిజముగా మాకు తెలియదు. పిల్లలు రాకుండా ఆపింది ఆ నియమము అనుకున్నాము. వారు మాతో చెప్పకుండా ఆపింది, అంతే.

వల ఒడ్డుకు వచ్చింది. గంటకు పైగా లాగితే వచ్చినవి కవ్వళ్ళు, కాసిని నెత్తళ్ళు, రెండు పీతలు. ఇంతేనా అని బాబు నిరాశపడ్డాడు. చేపలు వాటా వేసుకొనే దగ్గర ఆడవారు బేరాలు మొదలుపెట్టారు. అక్క అక్కడికి వెళ్ళి, మేమెన్నడూ వినని గొంతుతో గట్టిగా బేరమాడింది. మాకు ఒక పోగు, తనకు ఒక పోగు కొన్నది. మేము డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ ప్రక్కనే ఎవరో ఎండుటాకులు రాజేసి నాలుగు చేపలు కాల్చుకుంటున్నారు. ఆ వాసనకు మాకు ఒడ్డున నిప్పులమీద చేపలు కాల్చి శిష్యులను పిలిచిన ప్రభువు జ్ఞాపకము వచ్చాడు. ఆయన ముందు నిలబడిన పేతురు ముఖము ఎలా ఉండి ఉంటుందో మొదటిసారి తెలిసినట్టనిపించింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారము ఆరాధన తరువాత యౌవనస్థులను, వారి తల్లిదండ్రులను ఉంచి, నల్లబల్ల మీద బొమ్మ గీసి అన్నీ చెప్పాము. అల విరిగే చోటు, విరగని చోటు, ప్రక్కకు ఈదడము. 2013లో ఏమి జరిగిందో అదీ చెప్పాము. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు. పెద్దలలో ఒకాయన ఇప్పటికీ మాతో ముభావముగానే ఉన్నారు. వారి మనుమడు మోటారు సైకిళ్ళ మీద వెళ్ళిన నలుగురిలో ఒకడు.

ఆ సాయంత్రము సంగతి ఇంకొకటి మిగిలింది. తిరుగు ప్రయాణములో బండి నిండా చేపల వాసన. పిల్లలిద్దరూ నిద్రపోయారు. పాప తల అక్క ఒడిలో ఉన్నది, తడిసిన పావడా అంచునుండి ఇసుక రాలుతున్నది. తగరపువలస దాటుతుండగా అక్క అన్నది: "వచ్చే ఏడు ఆ ఇద్దరినీ కూడా రమ్మనాలండి."

ఒకడు హైదరాబాదులో ఉంటున్నాడు, మరొకడు గాజువాకలో. ఇద్దరూ మా మందిరానికి రావడము మానేసి పదేళ్ళు దాటింది. వాళ్ళ ఫోను నంబర్లు మా దగ్గర లేవన్నాము.

"నా దగ్గర ఉన్నాయి" అన్నది.